రాజవీరు సారు మీద పడ్డ వేళ్లు

సోమవారం, మొదటి షిఫ్టు

తప్పు చేసింది బయటి చదువుల నియంత్రణ మండలి. చేయించింది దాని కార్యదర్శి చక్రపాణి. ఏ కంపెనీని ఆపమని ఊరంతా చట్టం అడిగిందో ఆ కంపెనీకి లైసెన్సు ఇచ్చి, అదే చట్టం కింద ఈ పొద్దున రాజవీరు సారు పేరును జనపలక మీద పెట్టారు. పేర్లు రాయకుండా తిట్టడం పిరికితనం కాబట్టి పేర్లు రాశాను.

ఇది గాలి తలుపుల లాగ్. ఇందులో గాలి సంగతే రాయాలని సూపర్‌వైజర్ అంటాడు. సరే. ఒకటి నుంచి ఏడు దాకా తలుపులు బాగున్నాయి, గాలి పారుతోంది. ఎనిమిదో తలుపు వెనక పాత సొరంగంలో మీటరు ఎర్రగా చూపిస్తోంది. అక్కడ గాలి చచ్చిపోయింది. తలుపు మూసి ఎర్రగుడ్డ కట్టాను. తాళం వేయలేదు. నిప్పు పుడితే జనం ఎటు దొరికితే అటు పరుగెత్తాలి గనుక బొగ్గుబాయిలో ఏ గాలి తలుపుకూ తాళం ఉండదు.

మా ఊరు బాయిలోనే ఉంది. బొగ్గు తీసినన్నాళ్లు మనుషులు దిగి మళ్లీ ఎక్కేవాళ్లు. పైన ఎండకు మనిషి ఆగలేని రోజులు వచ్చాక దిగినవాళ్లు ఎక్కడం మానేశారు. నేను ఇక్కడే పుట్టాను. బడి ఏడో తరగతితో ఆగింది. తర్వాతి చదువంతా పాత యూనియన్ ఆఫీసు ట్రంకుపెట్టెలో దొరికిన కరపత్రాల మీదే సాగింది.

పదో లైను చివర ఐలమ్మ హోటల్ ఉంది. హోటలంటే రెండు బెంచీలు, ఒక స్టవ్. అక్కడ కూర్చుని సారు తన దగ్గర చదువుకునే రవళిని అడిగారట, ఆరు నిమ్మకాయల్లో మూడోవంతు ఎంత అని. రవళి రెండు అంది. సారు కరెక్టు అన్నారు. హోటల్ గోడ మీద మండలి పెట్టిన చెవికి ఇది చాలు. జవాబు తెలిసినవాడు ప్రశ్న అడగాలి, తెలియనివాడు చెప్పాలి, మొదటివాడు ఒప్పుకోవాలి. ఈ మూడూ వరసగా వినబడితే చెవి దాన్ని ట్యూషన్ అంటుంది. అందుకే మా ఊళ్లో ఎవరూ తెలిసిన సంగతిని అడగరు. మా అక్క తన కొడుకును ముక్కేది, చెవేది అని అడగడం మానేసింది. వాడికి రెండేళ్లు దాటాయి, ఇంకా ముక్కు తెలియదు.

పలక ప్రతి ఇంటి గోడమీదా ఉంటుంది. సారు ఫొటో, కింద ఫిర్యాదు, దాని కింద రెండు గళ్లు: ఉండాలి, పోవాలి. పక్కన ‘పోవాలి’ వేళ్లు పెరిగేకొద్దీ పైకెక్కే ఎర్రగీత. శనివారం సాయంత్రం ఆరు లోపల ఊళ్లో సగానికి మించి వేళ్లు ‘పోవాలి’ మీద పడితే సారు గొంతు తీసేస్తారు. గొంతులో ఏమీ చేయరు. ఇంటి తలుపూ నల్లా లిఫ్టూ ఆ గొంతును గుర్తుపట్టడం మానేస్తాయి. తలుపు తీయని ఊళ్లో, నీళ్లు రాని ఊళ్లో ఎవరుంటారు? పై రేకుల షెడ్లకు వెళ్లిపోవాలి. ఇది మే నెల. సారుకు అరవై దాటాయి.

షిఫ్టు దిగి నేరుగా హోటల్‌కు వెళ్లాను. సారు అక్కడే చాయ్ తాగుతున్నారు.

“ఏం సారూ, పలక మీద మస్తు కొడ్తున్నవ్,” అంటోంది ఐలమ్మ.

“పెండ్లి చూపులనాటి ఫొటో పెట్టిన్రే. ఇప్పుడు ఏదన్న సంబంధం వస్తే ఏం జెయ్యాలె?”

“చాయ్ పైసలు కట్టినంక చేసుకో.”

నాకు నవ్వు రాలేదు. “సారూ, మండలి మీదికి పోదాం నడువుండ్రి,” అన్నాను.

“ఎందుకు స్వరూపా? గీత ఇంక మోకాలంత గూడ రాలే. నాకంటే మంచి దొంగలు దొరుకుతరు వాళ్లకు. కూసో.”

కూర్చోలేదు. సారు పిల్లల దగ్గర ఏనాడూ ఏమీ తీసుకోలేదు. బడి మూసేసిన తర్వాత చెప్పడం అలవాటు పోక చెబుతున్నారు, అంతే. శిఖరం ట్యూషన్ కంపెనీ కథ వేరు. వాళ్లు పొద్దుటి నుంచి చీకటి షిఫ్టు దాకా పిల్లలను హాలులో కూర్చోబెట్టి రుద్దారు. నిద్రలేక ముగ్గురు పడిపోయారు, అందులో ఒక పిల్ల లేవలేదు. ఆ రాత్రి ఊరంతా పలక మీద మండిపోయింది. తెల్లారేసరికి ట్యూషన్లను ఆపే చట్టం వచ్చింది. ఆ కోపం న్యాయమైనదే. ఇవాళ అడిగినా న్యాయమే అంటాను. కానీ ఆ చట్టం లోపలి పేజీల్లో లైసెన్సు అనే మాట ఉంది. లైసెన్సు శిఖరానికే వచ్చింది. పిల్లల ధ్యాస ఎటు పోతుందో కనిపెట్టడానికి వాళ్ల హాలులో పెట్టుకున్న పెట్టెలే ఇప్పుడు మండలి చెవులయ్యాయి.


మంగళవారం, మొదటి షిఫ్టు

ఏడో తలుపు బందు ఒకటి వదులైంది, బిగించాను. ఎనిమిదో తలుపు వెనక మార్పు లేదు. ఫ్యాన్ మనుషులకు రెండోసారి చెప్పాను. శనివారం దాకా కుదరదన్నారు.

ఈ వారమైనా చెప్పడం మానమని సారును అడగడానికి హోటల్‌కు వెళ్లాను. అప్పటికే రవళి అక్కడ ఉంది. పద్నాలుగేళ్ల పిల్ల. వాళ్ల నాయిన ఓదెలు పంపుల దగ్గర పనిచేస్తాడు. ఈ నెలాఖరున గాలి ఇంజనీరింగు పరీక్ష. శిఖరంలో చేరే స్తోమత లేదు. ఈ బాయిలో పుట్టిన ఆడపిల్ల ఎవరూ ఇంతవరకు ఆ పరీక్ష రాయలేదు.

“ఇరువై నాలుగుల పావు ఎన్మిది,” అన్నారు సారు, గ్లాసులోకి చూస్తూ.

“కాదు సారూ. ఆరు.”

“నీ మొకం. ఎన్మిదే.”

“ఆరే సారూ. నాలుగార్లు ఇరువై నాలుగు.”

“ఏం మొండిదానివే నువ్వు. నీతోని వాదులాడి గెలుస్తనా?” అంటూ గ్లాసు కొంచెం పైకెత్తారు. గ్లాసు లేస్తే జవాబు సరైనదని. చెవికి కళ్లు లేవు. దానికి వినబడింది ఒక కొట్లాట, అందులో పెద్దమనిషి ఓడిపోవడం. పెద్దవాళ్లు ఓడిపోవడం ట్యూషన్ కాదు.

సారు ఏళ్లుగా ఇలాగే చెబుతున్నారు. తప్పు చెబుతారు, పిల్లలు దిద్దుతారు. ఆయన ముఖం కదలకుండా ఒక మాట అంటే దాన్ని తిరగేసుకోవాలని పదో లైను పిల్లలందరికీ తెలుసు. భూమి బల్లపరుపుగా ఉంటుందంటారు, నీళ్లు పైకి పారతాయంటారు. పిల్లలు విరగబడి నవ్వి దిద్దుతారు. ఆ నిమ్మకాయల రోజున మాత్రం రవళి మరీ వేగంగా చెప్పేసరికి సంతోషం పట్టలేక కరెక్టు అనేశారు.

“ఈ వారం ఆపుండ్రి సారూ,” అన్నాను.

“నేనేం జెప్తున్ననే? కొట్లాడుతున్న. కొట్లాటకు ఇంక లైసెన్సు పెట్టలే గద.”

“అక్కా, నీకు గూడ లెక్కలు జెప్పమంటవా సారును?” అంది రవళి. “కోపంల నువ్వు కూడితే తీసివేత అయితది.”

“నువ్వు నోరు మూస్తవా లేదా?”

“మూస్త. మూసుడు అంటే తెరుసుడే గద మా బడిల.”

సారు గ్లాసు పైకెత్తారు. నవ్వు ఆపుకోలేక నేను కూడా కూర్చున్నాను. గీత మాత్రం నిన్నటికంటే పెరిగింది.


బుధవారం, రెండో షిఫ్టు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

సాయంత్రం హోటల్ నుంచి పిల్లలు ఇళ్లకు బయలుదేరారు. పెద్దదారి నిండా చెవులే కాబట్టి పిల్లలకు ఆ దారి ఇష్టం ఉండదు. ఎనిమిదో తలుపు తోసుకుని పాత సొరంగంలో నడిస్తే రవళి వాళ్ల లైనుకు దగ్గర దారి. నేను ఏడో తలుపు దగ్గర ఉన్నాను. సారు పిల్లల వెనక వస్తున్నారు.

రవళి ఎనిమిదో తలుపు మీద చెయ్యి వేసింది.

“అటు పోకు బిడ్డా,” అన్నారు సారు. “అటు గాలి లేదు.”

నా చెవులతో విన్నాను. మామూలు గొంతు. ఎప్పటి ముఖమే. రవళి వెనక్కి తిరిగి నవ్వింది. “లేదా సారూ? అయితే మంచిగున్నట్టే,” అని తలుపు తోసి లోపలికి వెళ్లిపోయింది. ఎర్రగుడ్డ ఆమెకు కనబడింది. కానీ గాలి బాగుపడ్డాక కూడా ఆ గుడ్డలను విప్పకుండా రోజుల తరబడి వదిలేయడం మా షిఫ్టుల వాళ్లకు అలవాటే. గుడ్డ ఉందా లేదా అన్నది కాదు, సారు ఏమన్నారన్నదే ఆ పిల్లకు లెక్క. సారు వద్దన్నారు. అంటే పొమ్మన్నారు.

నేను పరుగెత్తాను. నాకంటే ముందే సారు లోపలికి దూరారు. ఊపిరి బిగబట్టి వెళ్లేసరికి రవళి గోడకు ఆనుకుని జారిపోయి ఉంది. సారు పక్కనే మోకాళ్ల మీద కూలబడి, ఆమె జడ పట్టుకుని లాగుతున్నారు. అంతకంటే బలం లేదు ఆయనకు. పిల్లను నేను లాగాను. సారును కేకలు విని పరుగెత్తుకొచ్చిన ఐలమ్మ, మిగతా పిల్లలు లాగారు.

ఆసుపత్రిలో రవళికి మాస్కు పెట్టారు. బతుకుతుందని డాక్టరమ్మ చెప్పాక ఓదెలు మంచం పక్కన కూర్చుని అడిగాడు.

“సారు పోవద్దన్నడు గద బిడ్డా. ఎందుకు పోయినవ్?”

రవళి మాస్కు పక్కకు జరుపుకుని అంది. “సారు ఎప్పుడన్న ఉన్నది ఉన్నట్టు చెప్పిండా నాయినా? పోవద్దంటే పొమ్మన్నడనుకున్న. నాదే తప్పు. సారును ఏమనకుండ్రి.”

మంచానికి పైన గోడకు చెవి ఉంది. అది నేను చూసేసరికే ఆలస్యమైంది.

ఇంటికి వచ్చేసరికి పలకలో అదే గొంతు. మాస్కు వెనక నుంచి, నీరసంగా: “సారు ఎప్పుడన్న ఉన్నది ఉన్నట్టు చెప్పిండా?” అంతవరకే. కింద ఒక మాట రాశారు: ప్రైవేటు టీచరు మాట విని ప్రాణం మీదికి తెచ్చుకున్న బాలిక. దాని కింద జనం రాసినవి నేను ఇక్కడ ఎత్తి రాయను. నా కళ్లముందే గీత పాకుతోంది, కుండలోకి నీళ్లు ఎక్కినట్టు.


గురువారం

ఇవాళ డ్యూటీకి సెలవు పెట్టి మండలి ఆఫీసుకు వెళ్లాను. అక్కడి గది మా ఊళ్లో అన్నిటికంటే చల్లగా ఉంటుంది. చక్రపాణి కేకలు వేసే మనిషి కాదు. కుర్చీ చూపించాడు, మంచినీళ్లు ఇప్పించాడు.

“ఆ పిల్ల మాట మొత్తం వినిపించండి,” అన్నాను. ఆఫీసు భాషలోనే మాట్లాడాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను.

“వినిపించవచ్చమ్మా. కానీ ఆలోచించండి. వద్దంటే పొమ్మని అర్థం చేసుకుందంటే ఆ పిల్లకు ఎన్నేళ్లుగా అలా నేర్పి ఉండాలి? ముక్క వినిపిస్తే మీ సారు అబద్ధాలకోరు మాత్రమే. మొత్తం వినిపిస్తే ఆయన ఏళ్ల తరబడి చట్టాన్ని మోసం చేసినట్టు ఒప్పుకున్నట్టే. నేను దయ తలచి ముక్కే వినిపించాను.”

“దయా?”

“ఆయన వద్దన్నది నిజమే అయితే ఆ పిల్ల ఎందుకు వెళ్లిందో చెప్పాలి. ఎందుకు వెళ్లిందో చెబితే ట్యూషన్ చెప్పాడని ఒప్పుకోవాలి. రెంటిలో ఏది కావాలో ఆయననే ఎంచుకోమనండి.”

“మరి శిఖరానికి లైసెన్సు ఎవరిచ్చారు?”

“జనం ఇచ్చారు. చట్టం మొత్తం ఒకే రాత్రి పలక మీద పెట్టాం. ఊరంతా వేలు ఒత్తింది. లోపలి పేజీలు తెరిచినవాళ్లు ఎంతమందో మా దగ్గర లెక్క ఉంది. చెప్పమంటారా? మీకే బాధ కలుగుతుంది.”

“ఇట్ల మాట్లాడనీకి నీకు సిగ్గనిపిస్తలేదా?” అన్నాను. ఆఫీసు భాష అక్కడితో అయిపోయింది.

“శనివారం ఆరింటి దాకా మాత్రమే మాట్లాడతానమ్మా,” అన్నాడు. “ఆ తర్వాత మాట్లాడడానికి ఏమీ ఉండదు.”

అక్కడి నుంచి హోటల్‌కు ఎలా వచ్చానో తెలియదు. గాలి తలుపు గడియలు సరిచేసే ఇనుపరాడ్ సంచిలో ఉంది. దాంతో గోడమీది చెవిని కొట్టాను. ఒక్క దెబ్బకు పగలలేదు. రెండోసారి కొట్టాను, మూడోసారి కూడా. పగిలింది.

ఐలమ్మ స్టవ్ ఆపి లేచి నిలబడింది. “అది పలిగితే రేపు కొత్తది పెడ్తరు. పక్కన నా అద్దం గూడ పలిగింది. గది ఎవలు పెడ్తరే?”

నేను ఇంటికి చేరకముందే పలక మీద వచ్చేసింది: టీచరు మనుషుల విధ్వంసం. నా ఫొటో, చేతిలో రాడ్, హోటల్ ముందు నుంచి పోతూ ఎవరో తీసి పంపినది. నిన్నటిదాకా ఎటూ ఒత్తకుండా ఆగినవాళ్లు కూడా ఇప్పుడు ఒత్తారు. గీత సగం దాటింది.


శుక్రవారం, మొదటి షిఫ్టు దిగాక

పొద్దున పనిలోకి వెళ్లేముందు సారు ఇంటికి వెళ్లాను. ఆయన సంచి సర్దుకుంటున్నారు. రెండు ధోవతులు, ఒక గొడుగు, నీళ్ల కుండ.

“సారూ, నేను...”

“నాకు ఎండల పోవుడు తప్పకపోతుండె గని, నీ పుణ్యాన జల్ది ఖాయమైంది,” అన్నారు. నవ్వలేదు. “నీకు కోపం ముందొస్తది, ఆలోచన నాలుగు అడుగులు ఎనుక నడుస్తది. ఎవన్ని కొట్టినవ్? డబ్బాను. డబ్బాకు నొప్పి లేదు. నొప్పి ఎవనికైందో చూసినవా?”

“నన్ను తిట్టుండ్రి సారూ.”

“తిడ్తనే ఉన్న గద. గిదేందనుకున్నవ్?” కుండ మూతికి గుడ్డ కట్టారు. “ఆ పిల్ల ఎట్లున్నది?”

“మాస్కు తీసిన్రు. గంజి తాగింది.”

“నేను మంచిగ చెప్పినననుకున్న స్వరూపా. తెలివిగ చెప్పినననుకున్న. నిజంగ చెప్పాల్సొచ్చిన పొద్దు నా మాట పనికి రాలె. పాణం మీదికొచ్చినప్పుడు సుత పిల్ల నా మాటను తిరగేసుకున్నది.” గొడుగును సంచిలోకి దోపారు. “ఇగ నేను ఎవ్వలకు ఒక్క మాట గూడ తిప్పి చెప్ప. పైకి పోయినా సరే.”

నేను పనిలోకి వెళ్లాను. తలుపులన్నీ చూశాను. ఏం చూశానో గుర్తులేదు, మీటర్లు ఏవి చూపిస్తే అవి రాశాను. మధ్యాహ్నం ఇంటికొచ్చి పలక ముందు నిలబడి, సారు పేరు కింద ‘ఉండాలి’ మీద ఇంకోసారి వేలు పెట్టాను, కనీసం నా వేలు అక్కడ ఉందో లేదో చూసుకుందామని.

పలక మాట్లాడింది. “మీ పేరు పలక మీద ఉంది. మీ వేలు చెల్లదు. మీరు ఇంతకుముందు ఒత్తినది కూడా రద్దయింది.”

దాన్ని కూడా పగలగొట్టేదాన్నే. అమ్మ వంటింట్లోంచి వచ్చి చెయ్యి పట్టుకుంది. ఆమె మొహం చూస్తే నాకు అనుమానం వచ్చింది.

“అవ్వా, నువ్వు ఎటు ఒత్తినవ్?”

అమ్మ చెయ్యి వదిలేసింది.

“ఎటు ఒత్తినవ్?”

“పోవాలి మీద.”

“నాకు ఎక్కాలు ఎవరు జెప్పిండ్రు? అక్కకు ఎవరు జెప్పిండ్రు?”

“సారే జెప్పిండు. నాకు తెల్వదా? నువ్వు రాడ్ పట్టుకొని పలకల కనవడ్తున్నవ్. ఈ ఇంట్ల ఒక్క వేలన్న వాళ్లు చెప్పిన దిక్కు ఉండకపోతే రేపు నీ కొలువు పోతది, ఎల్లుండి నిన్ను గూడ పైకి పంపుతరు. నా బిడ్డెను కాపాడుకుందామని ఒత్తిన. నువ్వేమన్న అనుకో.”

అరవడానికి నోరు తెరిచాను. కానీ పలక అన్న మాటే లోపల తిరుగుతోంది. ఇంతకుముందు ఒత్తినది కూడా రద్దయింది. నా పేరు పలకెక్కింది కాబట్టి నా వేలు పోయింది. అంటే ఎవరి పేరు ఎక్కితే వాళ్ల వేలు పోతుంది. సారును కాపాడే వేలైనా సరే, పంపించే వేలైనా సరే.

“అవ్వా, నీ పేరు గూడ పలక మీదికొస్తే నువ్వు ఒత్తింది పోతది,” అన్నాను.

“నన్ను గూడ రాడ్ పట్టుకొని పోయి పలగొట్టుమంటవా?”

“పలగొట్టుడు వద్దు. ట్యూషన్ జెప్పు.”

“నాకేం వస్తదని జెప్పాలె?”

“నాకు రానిది ఏదన్న.”

అమ్మ నన్ను చూసింది. పలక పక్కన చెవిని చూసింది. “మీకు ఎక్కాలు జెప్పినోడాయె,” అని గొణిగింది. కొంగు నడుముకు దోపుకుని, బడి పంతులమ్మలా నిటారుగా నిలబడింది.

“సర్వపిండిల ఏమేం పడ్తయి? చెప్పు.”

“బియ్యప్పిండి. పల్లీలు. నువ్వులు.”

“ఇంక?”

“కారం, ఉప్పు, కరివేపాకు.”

“నానవెట్టింది ఏదో ఒకటి మర్శినవ్.”

ఆలోచించాను. నిజంగానే తెలియదు నాకు. “శనగపప్పా?”

“కరెక్టు,” అంది అమ్మ. చెవి వైపు తిరిగి ఇంకోసారి, పక్క లైనుకు వినబడేలా అంది. “కరెక్టు.”

పలక మీద చిన్న గంట మోగింది. అమ్మ ఫొటో వచ్చింది. కింద: అనుమతి లేని బోధన, వంటకం. మీ వేలు చెల్లదు, మీరు ఇంతకుముందు ఒత్తినది కూడా రద్దయింది. సారు పేరు పక్కన ఎర్రగీత కదిలింది. వెంట్రుకవాసి దిగింది. దిగడం ఇద్దరం చూశాం.

అమ్మ మంచం మీద కూర్చుంది. “ఫొటోల నెత్తి మంచిగ దువ్వుకున్న గద?” అంది.


శుక్రవారం, రెండో షిఫ్టు మొదలయ్యే ముందు

సారుకు చెప్పాను. మొదట ఒప్పుకోలేదు. “నా ఒక్కని కోసం ఊరంతటిని పలకెక్కిస్తవా?” అన్నారు. సారు ఒక్కరి కోసమే కాదన్నాను. ముక్కేదని అడిగేవాళ్లు లేని మా అక్క కొడుకు కోసం, నెలాఖరున పరీక్ష రాయాల్సిన రవళి కోసం. సారు సర్దిన సంచి పక్కన పెట్టి ఒక్కటే షరతు పెట్టారు.

“ఉన్నది ఉన్నట్టు రాయి. ఏమయితదో, ఏం కాకపోవచ్చో అన్నీ రాయి. ఎవ్వలు గూడ తిరగేసుకొని చదువుకునే పని పెట్టకు.”

అందుకని ఇక్కడి నుంచి ఇది లాగ్ కాదు. బాయిలో ఉన్న మీ అందరికీ రాస్తున్నాను. కాగితం మీద చేత్తో రాస్తున్నాను, చెవులకు కాగితం చదవడం రాదు గనుక. అన్ని లైన్లకూ తలుపులు తీసేదాన్ని నేనే, ప్రతి లైనులోనూ వదులుతాను. చదివినవాళ్లు పక్కింటి తలుపు కిందకు తోయండి.

తీర్పు చెప్పాలంటే ఊళ్లో సగానికి మించి వేళ్లు కావాలి. పలక మీద పేరున్నవాళ్ల వేలు చెల్లదు, ముందు ఒత్తినా చెల్లదు. మనలో సగానికి మించి పలకెక్కితే సారు మీద తీర్పు చెప్పడానికి వేళ్లు చాలవు. మన మీద చెప్పడానికీ చాలవు. ఇది నేను ఊహించి రాయడం లేదు. మా అమ్మ వేలు రద్దవడం, గీత దిగడం కళ్లారా చూసి రాస్తున్నాను.

అందరూ రాకపోతే ఏమవుతుందో కూడా రాస్తున్నాను. పదిమందే వస్తే ఆ పదిమందీ సారు వెంట పైకి పోతారు. ఆ పదిమందిలో మొదట నేనూ మా అమ్మా ఉంటాం. సగానికి కొంచెం తక్కువ వచ్చినా అంతే, ఇంట్లో కూర్చున్నవాళ్ల వేళ్లు వచ్చినవాళ్లందరి మీదా పడతాయి. చక్రపాణి రేపటికల్లా నియమం మార్చవచ్చు. మారుస్తాడో లేదో నాకు తెలియదు. ఒకరిద్దరు ముందే తొందరపడితే మారుస్తాడు. అందుకే ఇవాళ ఎవరూ నోరు తెరవద్దు. వస్తే అందరం ఒకేసారి.

ఎర్రగుడ్డ ఇంకా ఎనిమిదో తలుపు మీద ఉంది. అటు గాలి లేదు. ఈ మాటకు అర్థం ఇదే, ఇంకొకటి లేదు. అటు ఎవరూ రాకండి, పెద్దదారినే రండి.

సారు మీద ‘పోవాలి’ ఒత్తినవాళ్లూ రండి. ఎందుకు ఒత్తారని ఎవరూ అడగరు. రాడ్లు తేవద్దు, నేనూ తేను. మీకు తెలిసినది ఒకటి తెచ్చుకోండి: పంపు బిగించడమో, జడ అల్లడమో, జ్వరం చూడడమో, ఒక లెక్కో. పక్కనున్నవాళ్లను గట్టిగా అడగండి. రాకపోతే చెప్పండి, వస్తే కరెక్టు అనండి. ఓదెలు రవళిని ఎత్తుకుని తెస్తానన్నాడు. మొదటి ప్రశ్న ఆమెను సారే అడుగుతారు, గ్లాసు లేకుండా.

రేపు శనివారం. గీత ఆగేది సాయంత్రం ఆరింటికి. మనం కలిసేది అయిదింటికి, పదో లైను చివర, ఐలమ్మ హోటల్ ముందు.